కాలువ నీళ్ళ వెంబడి ఒక్కరోజు: రాజమండ్రి నుంచి నరసాపురానికి ఒంటరిగా సైకిల్ మీద

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీళ్ళు కాలువల్లోకి మళ్ళుతాయి. అందులో ఒక పాయ బొబ్బర్లంక దగ్గర కోనసీమలోకి దిగి, లొల్ల లాకుల (కాలువ నీళ్ళను ఆపి వదిలే తలుపుల) దగ్గర చీలి, పి.గన్నవరం దగ్గర గోదావరి పాయ అయిన వైనతేయ నదినే దాటి, రాజోలు పొలాల దాకా పోతుంది. ఆ నీళ్ళ వెంట పొద్దున్నే సైకిల్ వేసుకుని బయలుదేరితే మధ్యాహ్నం తిరిగేసరికి అంతర్వేదిలో సముద్రం కనిపిస్తుంది. సాయంత్రం పంటు (మనుషుల్నీ బండ్లనీ నది దాటించే పడవ) ఎక్కి, గోదావరి ఇంకో పాయ వశిష్ఠ దాటితే నరసాపురం, అక్కడ రైలు. మొత్తం నూరు కిలోమీటర్లు దాటుతుంది. కొండలు లేవు, అడవి లేదు. హైవే అన్నది రావులపాలెంలో ఒకసారి దాటేటప్పుడూ, రాజోలు పరిసరాల్లో కాసేపూ తగులుతుంది, అంతే.

ఈ దారి నేను చాలాసార్లు తొక్కాను, దాదాపు ఎప్పుడూ ఒక్కడినే. నలభై యాభై కిలోమీటర్లు తొక్కిన అలవాటు ఉండి, నూరు అంటే మాత్రం భయపడేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. అలవాటు ఉన్న మనిషి కాళ్ళకు నూరు కిలోమీటర్లు పెద్ద విషయం కాదు. దెబ్బతినేది ఎక్కువగా టైము లెక్క దగ్గరే.

ముందుగా: రోజును వెనక నుంచి లెక్కేయండి

అందరూ "ఆరింటికి బయలుదేరతాను, గంటకు పదిహేను కిలోమీటర్లు, కాబట్టి ఒంటిగంటకల్లా చేరిపోతాను" అని ముందు నుంచి లెక్కేస్తారు. నేనూ మొదటిసారి అలాగే వేశాను. ఎనిమిదింటికి తీరిగ్గా బయలుదేరాను. రావులపాలెంలో కడుపునిండా భోజనం చేశాను. మలికిపురం దాటేసరికి చీకటి పడింది. సైకిల్‌కి ఉన్న చిన్న లైటు ఛార్జింగ్ అయిపోయింది. ఒకపక్క పంట కాలువ, ఎదురుగా కొబ్బరికాయల లారీ లైట్లు, రోడ్డు అంచు ఎక్కడుందో తెలియలేదు. దిగి నడిచాను. రేవుకు చేరేసరికి పంటు లేదు. ఆ రాత్రి నన్ను తన కొట్టు అరుగు మీద పడుకోనిచ్చిన సఖినేటిపల్లి ఆయన దయ ఇప్పటికీ గుర్తుంది.

అందుకే ఇప్పుడు చివరి నుంచి లెక్క పెడతాను. డిసెంబరులో ఇక్కడ సుమారు అయిదున్నరకు పొద్దుగూకుతుంది. కాబట్టి నాలుగుంబావుకల్లా సఖినేటిపల్లి రేవులో ఉండాలి. అంతర్వేది నుంచి రేవుకు ఒక గంట, అంటే మూడుంబావుకు అక్కడ లేవాలి. సముద్రం దగ్గర అరగంట ఉండాలంటే రెండూ ముప్పావుకు అంతర్వేదిలో దిగాలి. రాజోలు నుంచి అంతర్వేదికి రెండు గంటలకు కొంచెం తక్కువ, అంటే ఒంటిగంటకు రాజోలు వదలాలి. అక్కడ తిండికి ముప్పావుగంట తీసేస్తే పన్నెండుంబావుకు రాజోలు చేరాలి. గన్నవరం పదకొండుంబావు, రావులపాలెం తొమ్మిది, బొబ్బర్లంక ఏడు, రాజమండ్రి ఆరు. ఈ టైములు ఒక అట్టముక్క మీద రాసుకుని హ్యాండిల్ సంచిలో పెట్టుకుంటాను. ఫోన్ తీసి చూడాల్సిన పని ఉండదు.

ఈ లెక్కతో పాటే ఒక కోత గీత కూడా పెట్టుకోవాలి. ఒంటిగంటన్నర అయినా రాజోలు దాటకపోతే అంతర్వేది మానేసి నేరుగా రేవుకు పోవడమే. ఆ నిర్ణయం ఇంట్లో కూర్చుని ముందే తీసుకోండి. దారిలో అలసిపోయిన బుర్ర "ఇంకొంచెం తొక్కితే అయిపోతుంది" అనే చెబుతుంది, దాని మాట వినకూడదు.

చివరి పంటు టైము సీజన్ని బట్టి మారుతుంది. వరద ఉంటే అసలు తిప్పరు. ముందురోజే ఎవరినైనా అడిగి తెలుసుకోండి. పంటు లేదంటే మలికిపురం నుంచి దిండి వైపు తిరిగి, చించినాడ వంతెన మీద వశిష్ఠ దాటి పాలకొల్లు పోవచ్చు. పాలకొల్లు కూడా నరసాపురం రైలు లైను మీదే ఉంది కాబట్టి తిరుగు ప్రయాణానికి ఇబ్బంది లేదు.

ఏ నెల, ఏ రోజు

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. చల్లదనం ఒక్కటే కాదు, గాలి కూడా కారణమే. ఆ నెలల్లో ఈశాన్యపు గాలి వీస్తుంది. మనం వెళ్ళేది దాదాపు నేరుగా దక్షిణానికి. పొద్దున్న నాలుగైదు గంటలు ఆ గాలి ఎడమ భుజం వెనక నుంచి మెల్లగా తోస్తుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలవుతుంది, అప్పుడు ఎదురు తొక్కాలి. చివరి పాతిక కిలోమీటర్లకు టైము ఎక్కువ వేసుకోవాల్సింది ఇందుకే. ఇదే దారి జూన్, జూలైల్లో తొక్కితే పొద్దుట నుంచీ ఎదురుగాలే, పైగా వాన. ఏప్రిల్, మే నెలల్లో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు. ఎండిపోయి నెర్రెలిచ్చిన కాలువ వెంట నలభై డిగ్రీల ఎండలో ఒక్కరే తొక్కడం నేను ఎవరికీ చెప్పను.

శనివారం వద్దు. వాడపల్లి వెంకన్న దర్శనానికి ఏడు వారాల మొక్కులవాళ్ళు వస్తారు, ఆత్రేయపురం, లొల్ల, రావులపాలెం మధ్య చిన్న రోడ్డు కార్లతో నిండిపోతుంది. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం. రెండూ తప్పక చూడాల్సినవే గాని సైకిల్ ప్రయాణం పెట్టుకోవాల్సిన రోజులు కావు. నాకు మంగళ, బుధవారాలు కలిసొచ్చాయి.

సైకిల్

ఖరీదైనది అవసరం లేదు. గేర్లున్న హైబ్రిడ్ సైకిల్ అయితే సుఖం. గేర్లు లేని పాతకాలపు నల్ల సైకిల్ మీద కూడా ఈ దారి తొక్కొచ్చు, ఇక్కడి పెద్దలు జీవితమంతా అలాగే తొక్కారు. టైరు మాత్రం కొంచెం లావుగా ఉండాలి. 32 నుంచి 38 మిల్లీమీటర్ల టైరు గట్టు రోడ్డుకి సరిగ్గా సరిపోతుంది. సన్న టైర్లతో కంకర తేలిన చోట చేతులు జివ్వున లాగేస్తాయి. గాలి కూడా రాయిలా బిగించొద్దు. 35 మిల్లీమీటర్ల టైరుకు, డెబ్భై కిలోల మనిషికి 50 నుంచి 60 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చాలు.

సీటు ఎత్తు ఇలా చూసుకోండి. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, పెడల్ అట్టడుగుకు తెచ్చి, దాని మీద మడమ పెట్టండి. కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. మన దగ్గర చాలామంది సీటు కిందకు దించుకుని తొక్కుతారు, ఆగినప్పుడు కాళ్ళు నేలకు ఆనాలని. పది కిలోమీటర్లకు అది పర్వాలేదు, నూరు కిలోమీటర్లలో మోకాళ్ళు పోతాయి. ఎత్తు మార్చిన తర్వాత కనీసం రెండుసార్లు ముప్ఫై కిలోమీటర్లు తొక్కి చూడండి. ప్రయాణం రోజున ఏదీ కొత్తగా మార్చకండి, చెప్పులతో సహా.

ఇంకో మాట ట్యూబు వాల్వు గురించి. ఇది ఎవరూ చెప్పరు. పల్లెల్లో పంచర్ షాపులన్నీ మోటార్ సైకిళ్ళ కోసమే, వాళ్ళ కంప్రెసర్ గొట్టం మోటార్ సైకిల్ లాంటి లావు వాల్వుకే పడుతుంది. మీ సైకిల్‌కి సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటే, దాని మీద బిగించే చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి తప్పక కొనుక్కోండి. చాలా చవక. అది లేకపోతే రాజోలు నడిబొడ్డున కంప్రెసర్ పక్కనే నిలబడి కూడా గాలి పట్టించుకోలేరు.

ముందురోజు రాత్రి బ్రేకులు, చైను, నట్లు చూసుకోండి. రెండు చక్రాలూ పైకెత్తి తిప్పి, వంకర తిరుగుతున్నాయేమో గమనించండి. చైనుకి నూనె వేసి, గుడ్డతో పైనూనె తుడిచేయండి. పైన మిగిలిన నూనెకు దుమ్ము పట్టి ముద్దవుతుంది.

సంచి

బరువు వీపు మీద వద్దు, సైకిల్ మీదే ఉండాలి. వెనక క్యారేజీకి కట్టిన ఒక చిన్న సంచి చాలు. అందులో ఒక స్పేర్ ట్యూబు, ప్యాచీలు, సొల్యూషన్, గరుకు కాగితం, రెండు టైరు లీవర్లు, చేతిపంపు, అలెన్ కీలు, పాత టవల్ ముక్క. రెండు సీసాలు, ఒక్కోటి లీటరు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు. వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు, రెండూ పూర్తి ఛార్జింగ్‌తో. పవర్ బ్యాంకు. పది, ఇరవై, యాభై నోట్లుగా ఒక అయిదొందలు, ఎందుకంటే సిగ్నల్ లేనిచోట ఫోన్‌తో డబ్బు కట్టలేం. ఆధార్ నకలు ఒకటి, దాని వెనక ఇంటివాళ్ళ నంబరు, రక్తం గ్రూపు. హెల్మెట్, దాని కింద ముందు అంచు ఉన్న పల్చటి టోపీ. చలికాలం కూడా మధ్యాహ్నం ఎండ మనకు ఎదురుగానే ఉంటుంది. లోదుస్తులు ఒరుసుకునే చోట కొబ్బరినూనె గాని వ్యాసెలిన్ గాని పొద్దున్నే రాసుకోండి. సిగ్గుపడి దీన్ని వదిలేసినవాళ్ళే అరవయ్యో కిలోమీటరు దగ్గర బాధపడేది.

ఆరింటికి: ఆనకట్ట మీదుగా

రాజమండ్రి నుంచి ధవళేశ్వరం ఏడెనిమిది కిలోమీటర్లు. ఈ ముక్కలో సిటీ ట్రాఫిక్ ఉంటుంది, అందుకే తెల్లవారకముందే దాటేయడం మంచిది. లైట్లు వేసుకోండి. ఇక్కడ బలం చూపించాల్సిన పనేమీ లేదు. పక్కన ఎవరైనా ఉంటే ఆయాసం లేకుండా మాట్లాడగలిగేంత వేగమే రోజంతా మీ వేగం. ఒక్కరే వెళ్తున్నారు గనుక ఏదైనా పాట గొంతెత్తి పాడి చూడండి. మధ్యలో ఊపిరి ఆగిపోతోందంటే ఎక్కువ తొక్కుతున్నారని అర్థం.

1847లో మొదలుపెట్టి 1852లో ఆర్థర్ కాటన్ పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలోనే ఇప్పటి బ్యారేజీ ఉంది. నది నాలుగు పాయలుగా ఉండటంతో దీన్ని నాలుగు ముక్కలుగా కట్టారు. ధవళేశ్వరం ముక్క దాటితే పిచ్చుకలంక, ర్యాలి ముక్క దాటితే బొబ్బర్లంక. రోడ్డు ఇరుకు, పక్కన ఆగే చోటు లేదు. మంచులో గోదావరి ఎంత అందంగా ఉన్నా వంతెన మీద ఆగి ఫోటోలు తీయకండి. ముక్కకీ ముక్కకీ మధ్య నేల మీద ఆగండి. చలికాలం పొద్దున్న అక్కడ రెండు గజాల దూరంలో ఏముందో కనిపించని రోజులు కూడా ఉంటాయి. అలాంటప్పుడు బ్యారేజీకి ఇవతలే ఒక టీ తాగి, మంచు కొంచెం విడిచాక బయలుదేరండి. ఆ అరగంటను అంతర్వేది దగ్గర తగ్గించుకోవచ్చు.

బొబ్బర్లంకలో కాలువ తల దగ్గర ఒక్క నిమిషం నిలబడి నీళ్ళు ఎటు పోతున్నాయో చూడండి. ఈ రోజంతా మీకు దారి చూపించేది అదే. కోనసీమలో రోడ్లు వలలాగా అల్లుకుని ఉంటాయి, ప్రతి అరకిలోమీటరుకూ ఒక చీలిక వస్తుంది. కొబ్బరితోటల మధ్య దిక్కు తెలియదు. కాని సాగునీటి కాలువ ప్రవాహం పోయేది దాదాపు ఎప్పుడూ సముద్రం వైపే. నీళ్ళతో పాటు పోతున్నారంటే సరైన దారిలో ఉన్నారు, నీళ్ళకు ఎదురు పోతున్నారంటే ఆగి అడగండి. ఫోన్‌లో మ్యాపు ఆఫ్‌లైన్‌లో పెట్టుకోండి గాని, అది చూపించే అడ్డదారులను నమ్మొద్దు. వాటిలో కొన్ని పొలం గట్లు.

దారి అడిగేటప్పుడు "నరసాపురం ఎటు?" అంటే హైవే చూపిస్తారు. అది వాళ్ళ మంచితనం, సులువైన దారి చెబుతున్నారు. "లొల్ల లాకులు ఎటండీ?", "కొత్తపేట ఎటండీ?" అని పక్క ఊరు పేరే అడగండి.

లొల్ల లాకులు, ఒక ముల్లు

ఆత్రేయపురం మీదుగా రోడ్డు కాలువను అంటిపెట్టుకుని పోతుంది. ఊళ్ళో పూతరేకుల దుకాణాలు వరసగా ఉంటాయి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. బెల్లం వేసినవి రెండు అక్కడికక్కడే తినండి, తొక్కే మనిషికి అంతకంటే మంచి తిండి లేదు. ఇంటికి డబ్బాలు మాత్రం కట్టించుకోకండి. క్యారేజీ మీద వంద కిలోమీటర్లు అదిరాక డబ్బాలో పొడి మిగులుతుంది.

లొల్ల దగ్గర కాలువ గన్నవరం, అమలాపురం కాలువలుగా చీలుతుంది. లాకుల తలుపుల కింద నీళ్ళు తెల్లగా నురగలు కక్కుతుంటాయి, చుట్టూ పెద్ద చెట్లు, చల్లగా ఉంటుంది. మొదటిసారి దిగి కాళ్ళు చాపుకోవడానికి ఇదే చోటు.

కాలువ గట్ల మీద పంచర్లకు ముఖ్య కారణం సర్కారు తుమ్మ. గట్టు మీద కొమ్మలు కొట్టినప్పుడు ముళ్ళు రోడ్డు మీద పడతాయి. కిందటి డిసెంబరులో సరిగ్గా ఇక్కడే నా వెనక చక్రం గాలి పోయింది. ఒంటరి ప్రయాణంలో నేర్చుకోవాల్సిన పనుల్లో ఇది మొదటిది కాబట్టి వివరంగా చెబుతాను.

వెనక చక్రం అయితే మొదట చైనును వెనక ఉన్న అన్నిటికంటే చిన్న పళ్ళచక్రం మీదకు మార్చండి, చక్రం సులువుగా ఊడుతుంది, మళ్ళీ సులువుగా కూర్చుంటుంది. సైకిల్ తిరగేసి చక్రం తీయండి. మిగిలిన గాలి పూర్తిగా వదిలేసి, టైరు అంచును చుట్టూ రెండు బొటనవేళ్ళతో రిమ్ము మధ్యలోకి నొక్కండి. ఈ పని చేస్తే టైరు వదులవుతుంది, చేయకపోతే లీవర్లు విరుగుతాయి. వాల్వుకు ఎదురుగా ఉన్న వైపు లీవర్ పెట్టి ఒక పక్క అంచు బయటకు లాగండి. ట్యూబు తీయండి.

ఇక్కడ తొందరపడి కొత్త ట్యూబు ఎక్కించొద్దు. ముల్లు ఇంకా టైరులోనే ఉంటుంది. పాత ట్యూబుకి కొంచెం గాలి కొట్టి చెంప దగ్గర పెట్టుకుంటే చల్లగా తగులుతుంది. తెలియకపోతే కాలువలో ముంచండి, బుడగలు వస్తాయి. ఆ చిల్లు వాల్వుకి ఎంత దూరంలో ఉందో చూసి, టైరులో అంతే దూరంలో వెతకండి. టైరు లోపల వేలు పెట్టి తడమకండి, టవల్ ముక్క పెట్టి తుడవండి, ముల్లున్న చోట దారాలు పట్టుకుంటాయి. ఆ రోజు నాకు బయటి నుంచి ఏమీ కనిపించలేదు. టవల్ పట్టుకున్న చోట టైరును రెండు చేతులతో బయటికి విరిచి చూస్తే, ఆవగింజంత నల్ల చుక్క. సూదిమొన కంటే కొంచెం పెద్దది, విరిగిపోయిన ముల్లు కొస. పిన్నీసుతో బయటికి తోశాను. దాన్ని వదిలేసి కొత్త ట్యూబు వేసి ఉంటే రావులపాలెం చేరకముందే అదీ పోయేది.

తర్వాత కొత్త ట్యూబుకి గుండ్రంగా నిలిచేంత గాలి కొట్టి, వాల్వు ముందు దూర్చి, టైరులో సర్దండి. టైరు అంచును చేతులతోనే లోపలికి నెట్టండి, ఈసారి లీవర్ వాడితే ట్యూబు నలిగి మళ్ళీ పంచరవుతుంది. వాల్వును ఒకసారి లోపలికి నొక్కి వదలండి. రెండు పక్కలా ట్యూబు ఎక్కడైనా అంచు కింద చిక్కుకుందేమో చుట్టూ చూసి అప్పుడు పూర్తిగా గాలి కొట్టండి. చిల్లుపడ్డ ట్యూబుకి ప్యాచీ తర్వాత మజిలీలో వేసుకోవచ్చు. చిల్లు చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా రాసి, తడి పోయేదాకా నాలుగైదు నిమిషాలు ఆగి, అప్పుడు అతికించాలి. తడి మీద అతికించిన ప్యాచీ నిలవదు.

ఇంట్లో రెండుసార్లు ఈ పని మొత్తం చేసి చూడండి. చేతులకు వచ్చేస్తే దారిలో అసలు టెన్షన్ ఉండదు. నాకు ఆ రోజు ఇరవై నిమిషాలు పట్టింది. లాకుల దగ్గర వల వేసుకుంటున్న ఒక పెద్దాయన వచ్చి పక్కన కూర్చుని, "రాజమండ్రి నుంచాండీ! ఎక్కడిదాకండీ?" అని అడిగి, నేను చెప్పేలోపే చక్రం పట్టుకున్నాడు.

తిండి, నీళ్ళు

రావులపాలెం అరటి మార్కెట్ పెద్దది. గెలల లారీలు హైవే పక్కన నిలిచి ఉంటాయి, జాగ్రత్తగా దాటండి. టిఫిన్ ఇక్కడే. నాలుగు ఇడ్లీ, ఒక పెసరట్టు, చాలు. అరటిపళ్ళు అరడజను కొని సంచిలో పైన పెట్టుకోండి. ఇక్కడి నుంచి గంటకు ఒకటి తినాలి, ఆకలి వేసినా వేయకపోయినా. ఆకలి తెలిసిందంటే అప్పటికే ఆలస్యం అయిపోయింది. కాళ్ళలో నూనె అయిపోయినట్టు ఒక్కసారిగా నీరసం కమ్ముతుంది. అలా జరిగితే బెల్లం ముక్క, నీళ్ళు, చెట్టు నీడన పావుగంట. మళ్ళీ లేవగలరు.

నీళ్ళు గంటకు అరలీటరు నుంచి ముప్పావు లీటరు. ఒక సీసాలో మామూలు నీళ్ళు, ఇంకోదాంట్లో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్ళకు. తక్కువ నీళ్ళలో చిక్కగా కలపకూడదు. కోనసీమలో కొబ్బరి బొండాలకు కొదవ లేదు గాని, అందులో పొటాషియం ఎక్కువ, ఉప్పు తక్కువ. చెమటలో పోయేది ఎక్కువగా ఉప్పే. అందుకని ఉప్పు వేసిన మజ్జిగ దొరికితే నేను దానికే ఓటు వేస్తాను. కాలువ నీళ్ళు తాగొద్దు.

మధ్యాహ్నం రాజోలులో అరిటాకు భోజనం ఊరిస్తుంది. సగమే తినండి. పెరుగన్నం, పప్పు చాలు. వేపుళ్ళు, గోంగూర పచ్చడి, చేపల పులుసు తిని ఎండలో ఎదురుగాలికి తొక్కడం ఎంత కష్టమో ఒకసారి అనుభవించాను, కడుపులో మంట సాయంత్రం దాకా తగ్గలేదు.

బల్లపరుపు నేల మీద తొక్కడం

కొండలు లేవు కదా అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కొండ ఎక్కితే దిగుడు ఉంటుంది, దిగుడులో కాళ్ళకు విశ్రాంతి. డెల్టాలో దిగుడు లేదు. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా పెడల్ ఆగదు, ఒకే భంగిమలో కూర్చోవడం వల్ల పిరుదులు, మెడ, అరచేతులు పట్టేస్తాయి. దానికి మందు ఒకటే. పది నిమిషాలకోసారి సీటు మీంచి లేచి నిలబడి ఇరవై తొక్కులు తొక్కండి. చేతులు హ్యాండిల్ మీద చోటు మారుస్తూ ఉండండి. గంటకోసారి దిగి అయిదు నిమిషాలు నడవండి. గేర్లుంటే తేలికైన గేరులో కాళ్ళు చకచకా తిప్పండి. బరువు గేరులో నెమ్మదిగా నొక్కితే మోకాలికి దెబ్బ.

రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా పి.గన్నవరం దాకా ఈ దారిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క. సార్వా (వానాకాలపు వరి) కోతల రోజుల్లో రోడ్డే కళ్ళం అయిపోతుంది. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్ళు పేర్చి ఉంటారు. ఆ గింజల మీదకు సైకిల్ పోనివ్వొద్దు. చక్రం జారుతుంది, అంతకంటే ముఖ్యం, అది ఒక రైతు ఆరునెలల కష్టం. ఎదురుగా బండి వస్తుంటే దిగి నిలబడండి. రాళ్ళు, చీకటి కలిస్తే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు, చీకటి పడకముందే చేరాలనడానికి ఇది ఇంకో కారణం.

ఒంటి వరుస రోడ్డు మీద ట్రాక్టరో లారీయో వెనక నుంచి హారన్ కొడితే ఉన్నపళంగా మార్జిన్ లోకి దించకండి. తారుకీ మట్టికీ మధ్య జానెడు ఎత్తు తేడా ఉంటుంది, అక్కడే చాలామంది పడతారు. చేయి ఊపి, వేగం తగ్గించి, ఆగి, ఒక కాలు కింద పెట్టి దారి ఇవ్వండి. ఇసుక లారీలు గట్టు రోడ్ల మీద వేగంగా వస్తాయి, వాటికి ఎప్పుడూ దారి ఇచ్చేయడమే. వాన పడిన మర్నాడు గట్టు మీద బంకమట్టి చక్రాలకు చుట్టుకుని మడ్‌గార్డులో ఇరుక్కుంటుంది. అలాంటప్పుడు తారు రోడ్డు వదలకండి. కుక్కలు వెంటబడితే వేగం పెంచొద్దు. దిగి, సైకిల్‌ని మీకూ కుక్కకూ మధ్య పెట్టుకుని నడిస్తే చాలావరకు పది అడుగుల్లో ఆగిపోతాయి.

గన్నవరంలో అక్విడక్టు దగ్గర తప్పకుండా ఆగండి. వశిష్ఠ నుంచి విడివడిన వైనతేయ కింద పారుతుంటే, పొద్దుట నుంచి మీతో వచ్చిన కాలువ దాని మీద నుంచి వంతెన ఎక్కి అవతలి గట్టుకు పోతుంది. పాతది కాటన్ కాలం నాటిది, దాని పక్కనే తర్వాత కట్టిన కొత్తది. కింద నది, పైన కాలువ, రెండూ గోదావరి నీళ్ళే. బొబ్బర్లంకలో చూసిన నీళ్ళు ఇక్కడ నదిని దాటుతుంటే చూడటం కోసమే నేను ఇంకో దారి ఉన్నా ఇటే వస్తాను.

ఒక్కరే ఉన్నప్పుడు

ఇంట్లో ఒకరికి మీ అట్టముక్క ఫోటో పంపండి. రావులపాలెం, రాజోలు, రేవు, ఈ మూడు చోట్ల ఒక మెసేజ్ పెడతానని చెప్పండి. అనుకున్న టైముకు గంట దాటినా రాకపోతే ఫోన్ చేయమనండి. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108. కళ్ళు తిరిగినా, చెమట ఆగిపోయినా, వాంతి వచ్చేలా ఉన్నా అక్కడితో ఆపేయండి. ఈ దారిలో ఊరు లేని చోటు రెండు మూడు కిలోమీటర్లకు మించి ఉండదు, ఆటో దొరుకుతుంది, సైకిల్ వెనక కట్టేసుకోవచ్చు. ఆగిపోయిన ప్రయాణం ఇంకో వారం మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు.

"ఎందుకండీ ఒక్కరే?" అని ప్రతి ఊళ్ళో అడుగుతారు. చిరాకు పడకండి, అది ఆరా కాదు, ఆపేక్ష. ఆడవాళ్ళు ఒంటరిగా వెళ్తుంటే ఆగే చోట్లు లాకులు, బస్టాండు, గుడి, బడి లాంటి నలుగురూ ఉండేవి ఎంచుకోవడం మేలు. ఎక్కడ పడుకుంటున్నారు, ఏ రైలు ఎక్కుతున్నారు అన్నది ఎవరు అడిగినా చెప్పక్కర్లేదు. ఈ మాట మగవాళ్ళకీ వర్తిస్తుంది.

అంతర్వేది, పంటు, రైలు

మలికిపురం, సఖినేటిపల్లి దాటాక గాలిలో ఉప్పు తెలుస్తుంది. ఈ చివరి ముక్క రోజులో అన్నిటికంటే నెమ్మది. ఎదురుగాలికి రెండు గేర్లు తగ్గించి, మోచేతులు వంచి ఒళ్ళు కిందకు దించి తొక్కండి, వేగం చూసుకోకండి. నరసింహస్వామి దర్శనం, లైట్‌హౌస్, వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు, మూడూ అరగంటలో కుదరవు, ఒకటి ఎంచుకోండి. నేను సముద్రం దగ్గరికే పోతాను. సైకిల్‌ని ఇసుకలోకి నెట్టుకుపోకండి, రోడ్డు దగ్గరే ఎవరికైనా చెప్పి వదలండి. చైనులో ఇసుక పడిందంటే కరకరలాడుతూ పళ్ళు అరిగిపోతాయి.

రేవులో పంటు ఎక్కేటప్పుడు సైకిల్ దిగి నడిపించండి, రేకు తడిగా ఉండి జారుతుంది. మోటార్ సైకిళ్ళన్నీ ఎక్కాక చివర్న ఎక్కితే ముందు దిగొచ్చు. అవతల నరసాపురం స్టేషన్ దగ్గరే. రైలుకి కనీసం గంట ముందు పార్శిల్ ఆఫీసులో మీ టికెట్ చూపించి సైకిల్‌ని లగేజీగా బుక్ చేయండి. పేరు, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది రెండు అట్టముక్కల మీద మార్కర్‌తో రాసి, ఒకటి హ్యాండిల్‌కి, ఒకటి క్యారేజీకి గట్టిగా కట్టండి. సీసాలు, లైట్లు, పంపు, వేలాడేవన్నీ ముందే తీసి మీ దగ్గర ఉంచుకోండి. రసీదు ఫోటో తీసుకోండి.

ఇంటికి చేరిన రాత్రే ఎంత అలసిపోయినా సైకిల్‌ని మంచినీళ్ళతో కడిగి, తుడిచి, చైనుకి నూనె వేసి పడుకోండి. ఉప్పుగాలికి ఒక్క రాత్రిలోనే నట్ల మీద ఎర్రగా తుప్పు లేస్తుంది.